మట్టిగోడ మీద మనూరి కుర్రాడు

బయటి నుంచి చూస్తే మట్టి కొట్టాలు. లోపల వెయ్యేళ్ల నాటి బొమ్మలు, ముప్పై వేలకు పైగా రాతప్రతుల పత్రాలు. హిమాచల్‌ప్రదేశ్‌ స్పితి లోయలోని టాబో బౌద్ధవిహారానికి మా ప్రయాణం...

'ఇదేనా?' అన్నారు మావారు కారు దిగుతూనే.

ఆయన్ని తప్పుపట్టలేను. సిమ్లా దాటాక మూడు రోజులపాటు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కొండ అంచు రోడ్ల మీద వచ్చిందంతా దీనికోసమేనంటే ఎవరైనా అలాగే అంటారు. ఎదురుగా ఓ మట్టి ప్రహరీ. దాని వెనక కిటికీల్లేని మట్టి కట్టడాలు కొన్ని. మధ్యమధ్యలో మట్టి స్తూపాలు. అంతా ఒకటే రంగు... చుట్టూ ఉన్న బోడికొండల రంగు. మా గుంటూరు వైపు పొగాకు బ్యారన్లు ఇంతకన్నా ఎత్తుగా, దర్జాగా ఉంటాయి.

'అత్తా, గూగుల్లో చూసింది వేరే ఏదైనా అయ్యుంటుందేమో' అన్నాడు మా అన్నయ్య కొడుకు. ఇంజినీరింగ్‌ మూడో ఏడు చదువుతున్నాడు. వాడికి మనాలీ, మంచులో ఆటలూ కావాలి. మా ఆయనకు తీరిగ్గా కూర్చుని టీ తాగే చోటేదైనా ఫరవాలేదు. టాబో చూడాలన్నది మాత్రం నా పంతం. దానికో కారణముంది.

వరండాలో అతిథులు

2006 జనవరిలో అమరావతిలో కాలచక్ర ఉత్సవం జరిగింది. దలైలామా వచ్చారు. ఎక్కడెక్కడి నుంచో వేలమంది బౌద్ధులు వచ్చారు. ఊళ్లో ఇళ్లూ సత్రాలూ చాల్లేదు. అక్కడికి కూతవేటు దూరంలో ఉన్న మా అమ్మమ్మ వాళ్లింటి వరండాలోనూ ఓ ముసలి దంపతులు దిగారు. ఎర్రటి బుగ్గలు, ఉన్ని అంగరఖాలు. మా జనవరి ఎండకే చెమటలు కక్కుతూ విసనకర్ర వదిలేవాళ్లు కాదు. భాష తెలీదు. వచ్చీరాని హిందీలో వాళ్లూ, అసలే రాని హిందీలో అమ్మమ్మా మాట్లాడుకునేవారు. 'స్పితి... టాబో...' అని చెప్పాడు ఆ పెద్దాయన. 'మా ఊళ్లోనూ గుడి ఉంది. వెయ్యేళ్లది. రండి' అని.

వెళ్లేరోజున ఆయన కళ్లు అటక మీద పడ్డాయి. అక్కడ ఎర్రగుడ్డలో చుట్టిన తాటాకు కట్ట ఒకటి ఉండేది. తాతగారి తాతగారి కాలం నాటిదట. వైద్యమో, జ్యోతిషమో, భాగవతమో ఎవరికీ తెలీదు. చదవగలిగిన చివరి మనిషి పోయి అరవై ఏళ్లు. ఆ పెద్దాయన దాన్ని కిందికి దింపమని సైగ చేశాడు. రెండు చేతులా అందుకుని, తల వంచి నడినెత్తికి ఆనించుకున్నాడు. భార్య చేత కూడా అలాగే చేయించాడు. అమ్మమ్మ ఆశ్చర్యంగా చూసింది. 'మన పుస్తకానికి వాళ్లు మొక్కుతున్నారేమిటే' అంది నాతో.

తర్వాత అమ్మమ్మ పోయింది. ఇల్లు అమ్మేశాం. సామాన్లు పంచుకునేటప్పుడు ఆ కట్ట ఎవరికీ అక్కర్లేకపోయింది. సగం చెద తినేసింది. 'చెత్తలో వెయ్యకూడదు, నీళ్లలో కలపాలి' అన్నారు పెద్దవాళ్లు. 2016 కృష్ణా పుష్కరాల్లో స్నానానికి వెళ్లినప్పుడు నేనే దాన్ని కృష్ణలో వదిలాను. తాటాకు గదా, వెంటనే మునగలేదు. కాసేపు తేలుతూ వెళ్లింది.

టాబో చూడాలని గట్టిగా అనుకున్నది ఆరోజే.

దారి పొడుగునా సట్లెజ్‌

సిమ్లా నుంచి రాంపూర్, రెకాంగ్‌ పియోల మీదుగా వెళ్లే పాత హిందుస్థాన్‌-టిబెట్‌ రోడ్డు ఇది. కిన్నౌర్‌ వరకూ పచ్చదనమే... దేవదారు చెట్లూ ఆపిల్‌ తోటలూ. ఆ తర్వాత ఒక్కో మలుపూ తిరిగేకొద్దీ చెట్లు పలచబడతాయి. ఖాబ్‌ దగ్గర స్పితి నది వచ్చి సట్లెజ్‌లో కలుస్తుంది. అక్కడ వంతెన దాటితే ఇక వేరే లోకం. గడ్డిపరక కూడా లేని కొండలు... ఒకటి ఊదారంగు, ఒకటి గంధం రంగు, ఒకటి పాత ఇత్తడి బిందె రంగు. హిమాలయాలు రుతుపవన మేఘాలను అవతలే ఆపేస్తాయి కాబట్టి ఇక్కడ వానలు తక్కువ. ఎడారే, కాకపోతే చలి ఎడారి. నాకో దగ్గర ఓ రాత్రి ఆగాం. ఎత్తు పెరుగుతున్నప్పుడు ఒక్కసారిగా ఎక్కేయకూడదని డ్రైవర్‌ చెప్పినా, మేనల్లుడు చెరువు చుట్టూ పరుగెత్తి రాత్రంతా తలనొప్పితో మూలిగాడు.

టాబో 10,700 అడుగుల ఎత్తున ఉంది. అంటే తిరుమల కొండకు దాదాపు నాలుగు రెట్లు. లోయ అక్కడ కాస్త వెడల్పవుతుంది. నది ఒడ్డున బఠాణీ చేలు, ఆపిల్‌ చెట్లు, ఓ చిన్న ఊరు. ఊరి మధ్యలోనే విహారం. లద్దాఖ్‌లో, స్పితిలోనే ఉన్న కీ, ధంకర్‌లలో ఆరామాలు కొండ కొమ్ముల మీద గద్దగూళ్లలా ఉంటాయి. టాబో అలా కాదు, చదునునేల మీద ఉంది. ఫొటోల్లో దానికి పేరు రాకపోవడానికి అదీ ఓ కారణమే అనుకుంటా.

కళ్లు అలవాటు పడాలి

ప్రహరీ లోపల తొమ్మిది గుళ్లు, ఇరవైకి పైగా స్తూపాలు ఉన్నాయి. స్తూపాన్ని వాళ్లు చోర్టెన్‌ అంటారు. అన్ని గుళ్లూ ఒకనాటివి కావు. ఏడెనిమిది వందల ఏళ్లలో ఒకటొకటిగా కట్టుకుంటూ వచ్చారు. అన్నిటికన్నా పాతది, అసలైనది చుగ్లాఖాంగ్‌ అనే ప్రధానాలయం. ఎండుటిటుకల గోడలు మూడడుగుల మందం. పైన చదును మట్టి కప్పు... దూలాలు, వాటి మీద పుల్లలు, ఆపైన మెత్తిన మట్టి. మన పాత మట్టిమిద్దెలు చూసినవాళ్లకు ఈ కట్టుబడి కొత్తేమీ కాదు. కిటికీ ఒక్కటీ లేదు. కెమెరాలు, ఫోన్లు బయటే పెట్టేయాలి. ఫ్లాష్‌ వెలుగుకు రంగులు పాడవుతాయని లోపల ఫొటోలు నిషేధం.

తలుపు కాడ కూర్చున్న లామా మమ్మల్ని లోపలికి పంపుతూ ఒకే మాట చెప్పాడు. 'తొందరపడకండి. కళ్లు అలవాటు పడాలి.'

నిజమే. మొదటి రెండు నిమిషాలు ఏమీ కనిపించలేదు. వెన్నదీపాల వాసన, పాదాల కింద చల్లటి నేల. కప్పు మధ్యలో ఉన్న గవాక్షం నుంచి పలచగా వెలుగు పడుతోంది. తర్వాత గోడల్లోంచి ఒక్కొక్కరే బయటికి రావడం మొదలుపెట్టారు. నీలం రంగు ముఖం ఒకటి. పసుపు చెయ్యి ఒకటి. తల ఎత్తి చూస్తే చుట్టూ నాలుగు గోడలకూ తామరపువ్వుల మీద కూర్చుని ముప్పైరెండు మంది దేవతలు! మనిషంత మనుషులు. వెనక గోడకు అతికించినట్టుగా, గాల్లో తేలుతున్నట్టుగా ఉన్నారు. మధ్యలో తెల్లటి వైరోచన బుద్ధుడు, నాలుగు దిక్కులకూ నాలుగు రూపాలుగా, వీపులు కలిపి కూర్చుని ఉన్నాడు. మావారు నా చెయ్యి పట్టుకున్నారు. ఏమీ అనలేదు.

దీన్ని వజ్రధాతు మండలం అంటారట. మండలాన్ని సాధారణంగా గుడ్డ మీద గీస్తారు, రంగుపొడులతో ముగ్గులా వేస్తారు. ఇక్కడ గదినే మండలంగా కట్టారు. గడప దాటిన మనిషి బొమ్మకు ఎదురుగా నిలబడడు, బొమ్మ లోపలికే వెళ్తాడు. ఇందులో నన్ను పట్టేసింది మాత్రం శాస్త్రం కాదు, మట్టి. ఈ విగ్రహాలేవీ రాతివి కావు, కంచువీ కావు. కాల్చనైనా కాల్చని పచ్చిమట్టి, దాని మీద రంగులు. మనం వినాయకచవితికి చేసి తొమ్మిదో రోజున నీళ్లలో కలిపే బొమ్మ ఎలాంటిదో ఇదీ అలాంటిదే. చుక్క నీరు తగలకపోబట్టి వెయ్యేళ్లుగా కూర్చుని ఉంది.

పందొమ్మిది మంది తిరిగి రాలేదు

ఈ గుడి కట్టించింది గూగే రాజు యేషే-ఓ. పశ్చిమ టిబెట్‌లోని ఆ రాజ్యం స్పితి, కిన్నౌర్ల వరకూ ఉండేది. రాజుగా ఉండి సన్యాసం తీసుకున్నాడాయన. ఇద్దరు కొడుకులూ సన్యసించారు. వాళ్ల పేర్లు నాగరాజు, దేవరాజు! ముందుగది గోడ మీద తండ్రీకొడుకుల బొమ్మలున్నాయి, పక్కన పేర్లు కూడా రాసి ఉన్నాయి. 'మా వీధిలో కిరాణాకొట్టు అన్నదమ్ముల పేర్లు' అన్నాడు మేనల్లుడు.

టిబెట్‌లో అప్పటికి బౌద్ధం చితికిపోయి ఉంది. సరైన గ్రంథాలు లేవు, చెప్పేవాళ్లు లేరు. యేషే-ఓ ఇరవై ఒక్కమంది కుర్రాళ్లను ఎంచి, సంస్కృతం నేర్చుకుని పుస్తకాలు తెమ్మని కాశ్మీరు పంపాడని కథ. చలిదేశపు పిల్లలు. కిందికి దిగాక ఎండలకూ జ్వరాలకూ తట్టుకోలేకపోయారు. వెనక్కి వచ్చింది ఇద్దరే. ఆ ఇద్దరిలో ఒకడు రించెన్‌ జాంగ్‌పో. 958లో పుట్టి 1055 దాకా బతికిన మహానువాదకుడు. టిబెటన్లు ఆయన్ని లోచావా అంటారు, అనువాదకుడు అనే అర్థం. మనకు ఆదికవి ఎలాగో వాళ్లకు ఆయన అలాగ. ఆయన కట్టించినవని చెప్పే గుళ్లు నూటెనిమిది. నూటెనిమిది అన్నది లెక్క కాదనీ, పవిత్రమైన అంకె అనీ మనకు వేరే చెప్పక్కర్లేదు. కాశ్మీరు నుంచి ముప్పైరెండు మంది శిల్పుల్ని, చిత్రకారుల్ని వెంటబెట్టుకొచ్చాడనీ అంటారు. అప్పటి కాశ్మీరు గోడల మీద బొమ్మలు ఎలా ఉండేవో చూద్దామంటే ఇవాళ కాశ్మీరులో దాదాపు ఏమీ మిగల్లేదు. చూడాలంటే ఇక్కడికీ, లద్దాఖ్‌లోని అల్చీకీ రావాల్సిందే.

గుడి కట్టిన నలభై ఆరేళ్లకు, అంటే 1042లో, అదే వంశపు రాజు జాంగ్‌ఛుప్‌-ఓ దీన్ని బాగుచేయించాడు. ఆ సంగతి రాసిన శాసనం గోడమీదే ఉంది. ఇప్పుడు మనం చూసే మంచి బొమ్మల్లో చాలా భాగం ఆ రెండో విడతవే. ముందుగదిలో ఉన్నవి మాత్రం మొదటివి... కాస్త మొరటుగా, ముద్దుగా ఉంటాయి. ద్వారం మీద విన్యుమిన్‌ అనే స్థానిక దేవత ఉంది. బౌద్ధం రాకముందే ఈ లోయలో ఉండేదట. పొమ్మనకుండా గుడికే కాపలా పెట్టారు. ఊరి పొలిమేరలో పోలేరమ్మ ఉన్న ఊళ్లో పుట్టినదాన్ని, ఆమెను చూడగానే చనువు కలిగింది.

సుధనుడు

రెండోరోజు మళ్లీ వెళ్లాం. ఈసారి లామా మా వెంటే వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి. కర్ణాటకలోని టిబెటన్‌ విద్యాలయంలో చదివాడట, హిందీ బాగా మాట్లాడతాడు. 'ఏ ఊరు మీది?' అన్నాడు. ఆంధ్రా అన్నాను. 'ఆంధ్రాలో?' అన్నాడు. గుంటూరంటే తెలియలేదు. అమరావతి అన్నాను. అతని మొహం మారిపోయింది.

'పల్దెన్‌ డ్రెపుంగ్‌!' అన్నాడు.

డ్రెపుంగ్‌ అంటే వరికుప్ప. ధాన్యకటకం అన్న మాటకు టిబెటన్‌ అనువాదం. బుద్ధుడు కాలచక్ర తంత్రాన్ని ధాన్యకటక స్తూపం దగ్గర బోధించాడని వాళ్ల నమ్మకం. లాసా దగ్గరున్న సుప్రసిద్ధ డ్రెపుంగ్‌ ఆరామానికి ఆ పేరే పెట్టుకున్నారు. మనం ధరణికోట, అమరావతి అని మామూలుగా బస్సు దిగే చోటు ఈ మంచుకొండల్లో పుణ్యక్షేత్రం. 1996లో టాబోకు వెయ్యేళ్లు నిండినప్పుడు కాలచక్ర ఇక్కడే జరిగింది. పదేళ్లకు మన దగ్గర జరిగింది.

'అయితే మీకొకటి చూపించాలి' అంటూ టార్చి వెలిగించి ఎడమవైపు, దక్షిణపు గోడ దగ్గరికి తీసుకెళ్లాడు. దేవతల విగ్రహాల కింద నడుమెత్తున గోడ పొడవునా బొమ్మల పట్టీ ఉంది. చిన్నచిన్న ఇళ్లు, తోటలు, పడవలు, రాజులు, ఆడవాళ్లు. ప్రతి బొమ్మలోనూ ఒకే కుర్రాడు చేతులు జోడించి ఎవరో ఒకరి ముందు నిలబడి ఉన్నాడు. బొమ్మల మధ్య టిబెటన్‌ లిపిలో వరసగా కథ కూడా రాసి ఉంది. అంటే ఇది గోడ కాదు, పుస్తకం. కుడిచేతి వైపు గోడ ఉంచుకుని ప్రదక్షిణం చేస్తే చదివినట్టే.

క్షమించాలి, తప్పు చెప్పాను. గుడి మధ్యభాగం కుడిచేతి వైపు, గోడ ఎడమ వైపు. ప్రదక్షిణమంటే అదే కదా! ఆ చీకట్లో నాకు దిక్కులు తెలియలేదు.

కుర్రాడి పేరు సుధనుడు. గండవ్యూహ సూత్రంలో నాయకుడు. ఒక శ్రేష్ఠి కొడుకు. అతను పుట్టినప్పుడు ఇంట్లో నిధులు బయటపడ్డాయని ఆ పేరు పెట్టారు. మంజుశ్రీ బోధిసత్వుడు వాళ్ల ఊరికి వచ్చి, 'జ్ఞానం కావాలంటే ఒకరి దగ్గర కూర్చుంటే రాదు, వెళ్లి అడుగు' అన్నట్టుగా దారి చూపిస్తాడు. అక్కడి నుంచి మొదలు... యాభైమందికి పైగా గురువుల దగ్గరికి తిరుగుతాడు. భిక్షువులే కాదు, ఆ గురువుల్లో ఓడ నడిపేవాడున్నాడు, వ్యాకరణం చెప్పే ద్రావిడుడున్నాడు, ఇసుకలో ఆడుకునే పిల్లవాడున్నాడు, వసుమిత్ర అనే వేశ్య ఉంది. ప్రతివారూ తమకు తెలిసిన ఒక్క సంగతీ చెప్పి, 'ఇంతకుమించి నాకు తెలీదు, ఫలానావారి దగ్గరికి వెళ్లు' అంటారు. వెయ్యేళ్ల కిందటి పండితులు ఇలాంటి కథను ఎంచి గోడలెక్కించారంటే వాళ్ల మీద గౌరవం పెరిగింది నాకు. తొమ్మిదో శతాబ్దంలో జావాలోని బోరోబుదూర్‌ స్తూపం మీద ఇదే కథను నాలుగు వందలకు పైగా శిల్పాల్లో చెక్కారు.

'అతని ఊరేదో తెలుసా?' అన్నాడు లామా. 'ధాన్యాకరం. దక్షిణ దేశం.'

ఆ ధాన్యాకరం మన ధాన్యకటకమేనని కొందరు పండితులు అంటారు. అందరూ ఒప్పుకోరు. నాకు మాత్రం ఆ చీకట్లో, టార్చి వెలుగులో సందేహమేమీ రాలేదు. మావాడి వంక చూశాను. తలనొప్పీ మనాలీ మర్చిపోయి, వంగి ఒక్కో బొమ్మా చూస్తున్నాడు. 'అత్తా, వీడు మనూరోడా?' అన్నాడు.

మా ఊళ్లో ఏం మిగిలింది? చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. ఓ గుండ్రటి దిబ్బ, చుట్టూ కొన్ని రాళ్లు, పక్కన మ్యూజియం. 1797లో కాలిన్‌ మెకంజీ వచ్చి చూసేసరికే ఊళ్లో కొత్త కట్టడాలకు స్తూపం రాళ్లు తవ్వి పట్టుకుపోతున్నారు. ఆ తర్వాత దొరికిన మంచి శిల్పాలు లండన్‌ బ్రిటిష్‌ మ్యూజియంకీ, మద్రాసు మ్యూజియంకీ వెళ్లాయి. పాలరాయిలాంటి రాతితో కట్టింది మాకు మిగల్లేదు. పచ్చిమట్టితో కట్టింది వీళ్లకు మిగిలింది.

పారేయకూడని ఆకులు

పుస్తకాల సంగతి అడిగాను. అసలు నేను వచ్చిందే దానికి.

1933లో ఇటలీ పండితుడు జుసెప్పె టుచ్చి టాబో వచ్చేసరికి ఇక్కడ రాతప్రతులు కుప్పలుగా పడి ఉన్నాయి. 1991 నుంచి వియన్నా విశ్వవిద్యాలయం పండితులు వచ్చి, విహారం భిక్షువులతో కలిసి వాటిని ఆకు ఆకూ విడదీసి, ఏది దేనిలోదో గుర్తుపట్టి, పట్టికలు తయారుచేశారు. ముప్పై వేలకు పైగా పత్రాలు. అందులో ఒక్క గ్రంథమైనా పూర్తిగా లేదన్నంత చిందరవందర. కొన్ని 11వ శతాబ్దం నాటివి. తర్వాతి కాలంలో టిబెటన్లు వదిలేసిన పాత వర్ణక్రమం వాటిలో కనిపిస్తుంది. ఎక్కువ భాగం ప్రజ్ఞాపారమిత... నాగార్జునాచార్యుడు నాగలోకం నుంచి తెచ్చాడని బౌద్ధులు చెప్పుకునే గ్రంథం. అదీ తిరిగి తిరిగి మన కృష్ణాతీరానికే వస్తుంది చూడండి.

అసలు ప్రతులు అందరికీ చూపించరు. నేను బతిమాలినా లామా నవ్వి తల అడ్డంగా ఊపాడు. నిరాశపడ్డ మాట నిజం. బదులుగా ఆయన గదిలోంచి ఒక కొత్త గ్రంథం తెచ్చి, గుడ్డ విప్పి చూపించాడు. పొడవాటి సన్నటి కాగితాలు, పైనా కిందా చెక్కలు, చుట్టూ తాడు. ఆ తర్వాత ఒక పుస్తకంలో పాత పత్రం ఫొటో చూపించాడు. అక్షరాల మధ్య ఒక గుండ్రటి గీత, దాని నడుమ చిల్లు.

'ఈ చిల్లెందుకు?' అన్నాడు మేనల్లుడు. 'కాగితాలు బొత్తిగా పెట్టి గుడ్డలో చుడతారుగా, తాడు గుచ్చరుగా.'

నాకు తెలుసు ఎందుకో. స్పితిలో తాటిచెట్టు లేదు. టిబెట్‌లోనూ లేదు. కానీ మగధ నుంచి వచ్చిన మొదటి పుస్తకాలు మన తాటాకు కట్టల్లాంటివే. ఆకుకు చిల్లు పెట్టి తాడు గుచ్చితేనే అవి నిలుస్తాయి. పుస్తకమంటే ఇలా పొడవుగా, సన్నగా, నడుమ చిల్లుతో ఉండాలి కాబోలనుకున్నారు వీళ్లు. కాగితాన్ని కూడా ఆకు కొలతకే కోసి, చిల్లు చుట్టూ రాయకుండా చోటు వదిలారు. తర్వాత్తర్వాత చిల్లు మానేశారు, పొడవాటి ఆకారం మాత్రం ఇప్పటికీ ఉంది.

అటక మీది ఎర్రగుడ్డ కట్ట గుర్తొచ్చింది. వరండాలో ఆ పెద్దాయన దాన్ని ఎందుకు నెత్తిన పెట్టుకున్నాడో పదహారణాలా అర్థమైంది. లిపి తెలీకపోయినా ఆకారం గుర్తుపట్టాడు.

'చిరిగిపోయిన ఆకులు, ఏ పుస్తకంలోవో తెలియనివి... అన్నీ ఎందుకు దాచారు?' అని అడిగాను.

'అక్షరం ఉంది కదా' అన్నాడు లామా. 'తొక్కకూడదు, పారేయకూడదు. చదవగలిగినవాడు ఎప్పుడో వస్తాడు.'

నేను కృష్ణలో వదిలిన సంగతి అతనికి చెప్పాను. ఎందుకు చెప్పానో తెలీదు. అతను కాసేపు ఊరుకున్నాడు. నన్ను ఓదార్చలేదు, తప్పనీ అనలేదు. 'అందులో ఏముందో ఎవరైనా ఫొటో తీశారా?' అని మాత్రం అడిగాడు. లేదన్నాను.

మిగతా ఎనిమిది గుళ్లు

అవీ చూశాం. బంగారు గుడి అనే సెర్‌ఖాంగ్‌లో 15, 16 శతాబ్దాల చిత్రాలు కళ్లు చెదిరేలా ఉన్నాయి, నిజానికి చుగ్లాఖాంగ్‌లోవాటికన్నా రంగులు నిండుగా ఉన్నాయి. మైత్రేయుడి గుళ్లో ఇరవై అడుగుల విగ్రహం. ఊరి వెనక కొండకు భిక్షువులు ధ్యానం చేసుకున్న గుహలున్నాయి, మెట్లెక్కేసరికి మావారికి ఆయాసం వచ్చింది. టాబోను 'హిమాలయాల అజంతా' అని ప్రతి బోర్డు మీదా రాస్తారు. నాకా పోలిక నచ్చలేదు. అజంతాను అడవి మింగేస్తే శతాబ్దాల తర్వాత 1819లో ఓ వేటకొచ్చిన దొర కంటపడింది. టాబోలో ఏనాడూ దీపం ఆరలేదంటారు. 1975 జనవరిలో కిన్నౌర్‌ భూకంపం వచ్చి గోడలు దెబ్బతింటే, పక్కనే కొత్త ప్రార్థనామందిరం కట్టుకున్నారు. నిత్యపూజలు అందులో జరుగుతాయి. పాతగుడి భారత పురావస్తు శాఖ రక్షణలో ఉంది.

వెళ్లాలనుకునేవారికి నాలుగు మాటలు. జూన్‌ నుంచి సెప్టెంబరు వరకూ అనువైన కాలం. సిమ్లా వైపు నుంచి వెళ్తే ఎత్తు మెల్లగా పెరుగుతుంది, ఒంటికి మంచిది. మనాలీ వైపు దారి చలికాలం మంచుతో మూసుకుపోతుంది. రెకాంగ్‌ పియో నుంచి కాజా వెళ్లే బస్సు టాబోలో ఆగుతుంది. కాజా అక్కడికి 47 కిలోమీటర్లు. మనవాళ్లకు అనుమతులు అక్కర్లేదు, గుర్తింపుకార్డు ఉంటే చాలు. మంచి టార్చి తీసుకెళ్లండి. జులై, ఆగస్టుల్లో కిన్నౌర్‌లో కొండచరియలు విరిగిపడుతుంటాయి, ఒకటి రెండు రోజులు చేతిలో ఉంచుకోండి. మేం ఉంచుకోలేదు.

చినుకుల చప్పుడు

మేం దిగిన ఇల్లు విహారానికి నాలుగడుగుల దూరం. ఆ ఇంటి పెద్దాయనకు డెబ్బై దాటాయి. ఆయన కూడా 2006లో అమరావతి వచ్చాడట. మా వరండాలో దిగిన దంపతులెవరై ఉంటారని అడిగితే వేళ్ల మీద లెక్కపెట్టి, ఈ ఊరి నుంచి వెళ్లిన ముసలివాళ్లలో చాలామంది పోయారన్నాడు. పూజగదిలోంచి చిన్న సీసా తెచ్చి చూపించాడు. అందులో మట్టి. స్తూపం దగ్గర తీసుకొచ్చిందట. మా ఊరి నల్లమట్టి!

ఆ రాత్రి నూడుల్స్‌లా ఉండే తుక్పా తాగి పడుకున్నాం. రెండు గంటలప్పుడు చప్పుడుకు మెలకువ వచ్చింది. మిద్దె మీద చినుకులు. మాకైతే హాయిగా అనిపించి దుప్పటి లాక్కోబోయాం. ఇంట్లో మాత్రం దీపం వెలిగింది. పెద్దాయన, కొడుకు గబగబా బూట్లు తొడుక్కుంటున్నారు. వీధిలో ఇంకొన్ని టార్చిలు.

'ఏమైంది?' అన్నాను కంగారుగా.

'వాన' అంది కోడలు.

మన ఊళ్లో ఆ మాటకు ఎవరూ లేవరు. ఇక్కడ కట్టిందంతా వానలు రావన్న ధీమా మీద కట్టారు. ఇన్నేళ్లూ మంచు పడితే పారతో తోసేస్తే సరిపోయేది. ఈమధ్య కాలంలో ఎండాకాలం వానలు ముంచుకొస్తున్నాయంటుంది ఆమె. 2010 ఆగస్టులో ఇలాంటి చలి ఎడారిలోనే ఉన్న లేహ్‌లో ఒక్క రాత్రి కుంభవృష్టి ఎన్ని ప్రాణాలు తీసిందో తెలిసిందే. మట్టి కప్పులోంచి నీరు దిగితే గోడ వెంట బురద కారుతుంది. పగలు చుగ్లాఖాంగ్‌లో దేవతల మధ్య గోడల మీద చూసిన గోధుమరంగు చారలు అవేనని అప్పుడు తెలిసింది. కప్పు మీద ఇంకా ఇంకా మట్టి మెత్తితే బరువుకు దూలాలు వంగుతాయి. రేకు వేద్దామంటే గుడి గుడిలా ఉండదు. ఏం చేయాలన్నదాని మీద పెద్దపెద్ద నిపుణులకే ఏకాభిప్రాయం లేదట.

మేనల్లుడు ఎప్పుడు లేచాడో, వాళ్ల వెనకే వెళ్లిపోయాడు. నేనూ మావారూ గుమ్మంలో నిలబడ్డాం. చీకట్లో విహారం వైపు టార్చిలు అటూ ఇటూ కదులుతున్నాయి. గంటన్నరకు చినుకులు ఆగాయి. ఇంకో అరగంటకు వాళ్లు తిరిగొచ్చారు. మావాడి ప్యాంటు మోకాళ్ల దాకా బురద.

'లోపలికి దిగిందా?' అని అడిగాను.

'ఓ మూల కొంచెం తడిసిందత్తా. సుధనుడి వైపు కాదు' అన్నాడు.

కోడలు పొయ్యి వెలిగించి టీ పెట్టింది. ఉప్పు వేసిన వెన్న టీ. మూడురోజులుగా ముట్టని మావారు కూడా రెండు గిన్నెలు తాగారు.